అప్‌గ్రేడ్ చేశాక ల్యాప్‌టాప్ కాలిపోతోందా? ముందు ఫార్మాట్ మాట మానండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి విజయనగరంలో మా రిపేర్ షాపుకి ఒకే కంప్లైంట్ మళ్లీ మళ్లీ వస్తోంది. విండోస్ 11కి మారారు, ఆ రోజు నుంచి ఫ్యాన్ ఆగడం లేదు, సీపీయూ (ప్రాసెసర్) వాడకం 90 శాతం దగ్గరే ఉంటోంది, ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలుతున్నాయి. గజపతినగరం నుంచి వచ్చినా, చీపురుపల్లి నుంచి వచ్చినా చాలామంది మెట్లెక్కేసరికే ఏం చేయాలో తేల్చుకుని వస్తారు. "ఫార్మాట్ కొట్టేయండి" అంటారు, అంటే డ్రైవ్ తుడిచేసి విండోస్ మళ్లీ కొత్తగా వేయమని. ఆ మాట వింటేనే నాకు గుండె జారుతుంది.

అపోహ: అప్‌గ్రేడ్ తర్వాత వేడెక్కితే ఫార్మాట్ ఒక్కటే మందు.

వాస్తవం: అప్‌గ్రేడ్ అయిన మొదటి ఒకటి రెండు రోజులు సీపీయూ ఎక్కువ వాడటం మామూలే. మనకి డెస్క్‌టాప్ కనపడగానే పని అయిపోయిందనుకుంటాం. లోపల అప్పుడే మొదలవుతుంది. మీ ఫైళ్లన్నిటికీ సెర్చ్ ఇండెక్స్, అంటే వెతకడానికి వాడే జాబితా, మళ్లీ తయారుచేసుకోవాలి. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ చేయాలి. డ్రైవర్లు (లోపలి భాగాల్ని నడిపే ప్రోగ్రామ్‌లు), స్టోర్ యాప్‌లు అప్‌డేట్ అవ్వాలి. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ వన్‌డ్రైవ్ ఉంటే అది ఫైళ్లు సరిచూసుకోవాలి. ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపించే టాస్క్ మేనేజర్‌లో సెర్చ్ ఇండెక్సర్, యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్, విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ పైన కనపడితే కంగారు పడకండి. అవి వైరస్‌లు కావు, ఆ పని చేస్తున్నవే. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డ్రైవ్) ఉంటే త్వరగా తెములుతుంది. పాత హార్డ్ డిస్క్ అయితే బాగా ఆలస్యమవుతుంది.

చాలామంది భయపడి, వేడెక్కగానే షట్‌డౌన్ చేసేస్తారు. పని అక్కడే ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేయగానే మిగిలింది అందుకుంటుంది, మళ్లీ వేడి, మళ్లీ షట్‌డౌన్. ఇలా వారం గడుస్తుంది, ఒక్క రాత్రిలో అయిపోవాల్సింది అవ్వదు. మంచం మీద కాకుండా గట్టి బల్ల మీద పెట్టండి, చార్జర్ తగిలించండి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి, మూత తెరిచి ఉంచి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. చాలామందికి అక్కడితో సరిపోతుంది, షాపుకి రానక్కరలేదు.

ఇక ఫార్మాట్ కొడితే ఏమవుతుంది? ఇండెక్స్, స్కాన్, అప్‌డేట్లు మొత్తం మొదటి నుంచి మొదలవుతాయి. అంటే పోవాలనుకున్న వేడే మళ్లీ వస్తుంది. సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ పోతాయి. అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల్లోపు పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే దారి సెట్టింగ్స్‌లోని రికవరీలో ఉంటుంది, అది కూడా మూసుకుపోతుంది.

ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే వచ్చారు. వేరే చోట ఎవరో పావుగంటలో ఫార్మాట్ కొట్టిచ్చారట. వేడి తగ్గకపోయేసరికి నా దగ్గరికి తెచ్చారు. ఫ్యాన్ సంగతి చూస్తుంటే ఆయన మెల్లగా అడిగారు: "బాబూ, అమ్మాయి పెళ్లి ఫొటోలు డెస్క్‌టాప్ మీదే ఉండేవి. తీయగలవు కదా?" ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ. "పోయినవి సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు" అని జనంలో ఉన్న నమ్మకం పాత హార్డ్ డిస్కుల కాలం నాటిది. వాటిలో కూడా పైన కొత్తవి రాయకపోతేనే కొంత ఆశ. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ చేయగానే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఆ చోటంతా ఖాళీ అని డ్రైవ్‌కి కబురు వెళ్తుంది, డ్రైవ్ దాన్ని తనంతట తానే తుడిచేసుకుంటుంది. తర్వాత దాదాపు ఏమీ దొరకదు. ఆ సంగతి మాస్టారికి చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆయన కోప్పడలేదు, "సరే బాబూ" అని కూర్చుండిపోయారు. ఫార్మాట్ మాట వింటే నేను ఎందుకు కసురుకుంటానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తప్పనిసరై చేయించాల్సి వచ్చినా ముందు మీ ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయినవి తెరిచి చూసుకోండి. ఆ తర్వాతే ల్యాప్‌టాప్ ఎవరి చేతికైనా ఇవ్వండి.

ఇంకో చిన్న విషయం. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా ఫైళ్లు చదవలేకుండా వేసే తాళం) తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించే ముందు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ తాళం తీసే బిట్‌లాకర్ రికవరీ కీ ఉందో లేదో చూసుకోండి. కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

అపోహ: వేడికి బోర్డు కాలిపోతుంది.

ఇది ఎవరు పుట్టించారో కానీ దీని వల్ల పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. బొబ్బిలి వైపు నుంచి ఒక రైతు, కూతురి ఇంజనీరింగ్ కోసం కొన్న ల్యాప్‌టాప్ తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. "అప్పు సేసి కొన్నాను బాబూ, బోర్డు పోనాదంతన్నారు, నిజమేనా?" అన్నాడు. కాదు. ప్రాసెసర్ తన వేడిని తానే కొలుచుకుంటుంది. హద్దు దగ్గరికి వస్తే వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్‌లో చాలా ప్రాసెసర్లకి ఆ హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. అప్పటికీ తగ్గకపోతే మెషీనే ఆగిపోతుంది. పలచటి ల్యాప్‌టాప్ బరువైన పని చేస్తూ 80, 90 డిగ్రీలు చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు. ఆ రైతు కూతురి ల్యాప్‌టాప్‌లో ఉన్నది రెండు యాంటీవైరస్‌ల గొడవ. ఒకటి తీసేశాం, అంతే.

అపోహ: అప్‌గ్రేడే పాడుచేసింది.

కొన్నిసార్లు నిజమే. పాత డ్రైవర్ కొత్త విండోస్‌తో సరిపడకపోతే టాస్క్ మేనేజర్‌లో సిస్టమ్ ఇంటరప్ట్స్ అనే వరుసలో వాడకం ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ డ్రైవర్లు వేసుకోవాలి. "డ్రైవర్ అప్‌డేటర్" పేరుతో ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు. కానీ చాలాసార్లు అసలు దోషం ముందు నుంచే ఉంటుంది. వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము, దుప్పటి నూగు పట్టేసి ఉంటాయి, ప్రాసెసర్‌కీ దానికీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. అప్‌గ్రేడ్ పని పడేసరికి అది బయటపడుతుంది.

ఏది ఏదో తేల్చుకోవడానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ ఎక్కువగా ఉండి వేడెక్కితే సాఫ్ట్‌వేర్ సంగతి, ఎవరు తింటున్నారో పైన పేరు కనపడుతుంది. సీపీయూ ఐదు శాతం కూడా లేకుండానే ఫ్యాన్ అరుస్తుంటే దుమ్ము, పేస్ట్ సంగతి. అప్పుడు షాపుకి రండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే విండోస్ 11కి కాగితం మీద అది చాలు, వాడకంలో చాలదు. కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు ర్యామ్ పెంచే వీలుందేమో అడగండి. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్ల మీద అడ్డదారిన విండోస్ 11 వేయించుకున్నవాళ్లు మాత్రం నా మీద కోప్పడొద్దు, మైక్రోసాఫ్టే ఆ మెషీన్లకి బాధ్యత తీసుకోదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో "సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ 97" అంటే ప్రాసెసర్ 97 శాతం ఖాళీగా ఉందని. దాన్ని ఆపాలని చూడకండి. బూస్టర్, క్లీనర్ యాప్‌లు వేడి తగ్గించవు, అవి కూడా సీపీయూ తింటాయి. డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే క్రాక్ యాక్టివేటర్లు వాడేవాళ్లకి వేడి ఎక్కడిదో నేను చెప్పనక్కరలేదు, మీ ప్రాసెసర్‌తో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తవ్వుకునేవి (మైనింగ్) చాలాసార్లు వాటితోపాటే వస్తాయి. కూలింగ్ ప్యాడ్ కొంత సాయం చేస్తుంది, మూసుకుపోయిన రెక్కల్ని తెరవదు. ఫ్రిజ్‌లో పెట్టడం, ఐస్ ఆనించడం అస్సలు వద్దు, మన ఉక్కపోతలో బయటికి తీయగానే లోపల తడి పడుతుంది. మ్యాక్ వాళ్లకి కెర్నల్ టాస్క్ అనే సిస్టమ్ పని ఎక్కువ చూపిస్తే చాలాసార్లు అది వేడికి కారణం కాదు, వేడి తగ్గించడానికి మిగతా పనులకి ప్రాసెసర్ అందకుండా చూస్తోందని అర్థం.

ఒక్క సందర్భంలో మాత్రం రెండు రోజులు ఆగమని నేను చెప్పను. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు బల్ల మీద ఆనకుండా ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బినట్టే. దాన్ని ఆన్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, పైకి లేచినచోట నొక్కొద్దు. ఆ రోజే తీసుకురండి.