పానకానికి సోడా ఘాటు

ఎండలు ముదిరే వేళకు ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, రాయగడల్లోని తెలుగు ఇళ్లలో రెండు పండుగ పానీయాలు దాదాపు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. శ్రీరామనవమికి మన మిరియాల పానకం, ఏప్రిల్ 14 ప్రాంతంలో పణా సంక్రాంతికి ఒడియా వాళ్ల బేల పణా, అంటే మారేడు గుజ్జు షర్బత్. పిల్లలకు ఇవి రెండూ చప్పగా అనిపిస్తాయి. వాళ్లకు గొంతులో చుర్రుమనాలి. పెళ్లి విందుల్లో రంగురంగుల మాక్‌టెయిల్ తాగి వచ్చాక మరీను. పానకంలో సోడా కలిపితే సంప్రదాయం ఏమైపోతుందో అని నాకేం బెంగ లేదు. కాకపోతే ఆ గ్యాసు ఎక్కడి నుంచి తెస్తున్నామో చూసుకోవాలి. ఆ గ్లాసు ఇంట్లో ఎవరెవరికి ఇవ్వవచ్చో దాన్నిబట్టే తేలుతుంది.

ఎలా చేసినా బుడగల్లో ఉండేది కార్బన్ డయాక్సైడే. గజపతి, కోరాపుట్ కొండల్లో చెట్టు నుంచి దించిన జీలుగు కల్లు మీద తేలే నురగలోనూ అదే. కల్లులోని ఈస్టు చక్కెరను విరిచి ఈ గ్యాసును, ఆల్కహాల్‌ను కలిపే తయారుచేస్తుంది. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ తన ఇంటి పక్క బీరు బట్టీలో, పులుస్తున్న తొట్టి మీద తేలే గ్యాసును నీళ్లలోకి ఎక్కించి రుచి చూశాడు. సున్నపురాయి జాతి సుద్దమీద గంధకామ్లం పోసి అదే గ్యాసు తీసే పద్ధతిని 1772లో పుస్తకంగా అచ్చువేశాడు. బీరు తొట్టి అవసరం లేకుండానే సోడా నీళ్లు చేయవచ్చని అలా తేలింది.

ఈమధ్య అల్లం, చక్కెర సీసాలో పోసి నాలుగు రోజులు పులియబెట్టే ‘సహజ సోడా’ మీద చాలామందికి మోజు పుట్టింది. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఈస్టు 180 గ్రాముల గ్లూకోజును విరిస్తే 88 గ్రాముల గ్యాసు, 92 గ్రాముల ఆల్కహాల్ వస్తాయి. గట్టి సోడాలో లీటరుకు సుమారు 6 గ్రాముల గ్యాసు ఉంటుంది. అంత గ్యాసు ఈస్టుతోనే రావాలంటే లీటరుకు 6 గ్రాములకు పైగా ఆల్కహాల్ కూడా తయారవుతుంది, అంటే ఘనపరిమాణంలో దాదాపు 0.8 శాతం. మత్తెక్కదు, నిజమే. కానీ చిన్నపిల్లలకు, గర్భిణులకు ఇచ్చే గ్లాసులో అదెందుకు? పైగా మన ఎండలకు ఈస్టు ఉరకలేస్తుంది, బిగించిన గాజు సీసా పేలిపోగలదు.

వంటసోడాలో నిమ్మరసం పిండడం రెండో దారి. బుస్సుమని పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. అయితే 200 మిల్లీలీటర్ల గ్లాసుకు గట్టి సోడా అంత గ్యాసు కావాలంటే, చుక్క కూడా గాలిలోకి పోదనుకున్నా, సుమారు 2.3 గ్రాముల వంటసోడా వేయాలి. అందులో 630 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2 గ్రాముల లోపే సోడియం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క గ్లాసుతో మూడోవంతు అయిపోయినట్టే. నిజానికి మూత లేని గ్లాసులో గ్యాసు చాలావరకు ఎగిరిపోయి, ఉప్పదనం మాత్రం మిగులుతుంది. బీపీ ఉన్న తాతగారికి ఇది వద్దు.

ఇక మిగిలింది సిలిండర్ గ్యాసును ఒత్తిడితో ఎక్కించిన మామూలు సోడా. అందరికీ పనికొచ్చేది ఇదే. మన బడ్డీకొట్టు గోలీసోడా సీసాకు హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు తీసుకున్నాడు. లోపలి గ్యాసే గోలీని మూతి దగ్గరి రబ్బరు వాషరుకు నొక్కిపెడుతుంది. అంటే సీసాను మూసి ఉంచేది అందులోని సోడాయే. దీన్ని మించిన తెలివైన మూత నేను చూడలేదు. ఒక జాగ్రత్త: గ్యాసు ఎక్కించినంత మాత్రాన నీళ్లు శుభ్రపడవు. సోడా చేసిన నీళ్లూ, మీరు వేసే ఐసూ నమ్మకమైనవి కావాలి.

సోడా కొన్నాక ఆ గ్యాసును పోగొట్టేది ఎక్కువగా మన చెయ్యే. 35 డిగ్రీల దగ్గర, మామూలు గాలి ఒత్తిడిలో, లీటరు నీళ్లు సుమారు 1.1 గ్రాముల గ్యాసునే పట్టుకోగలవు. 5 డిగ్రీల దగ్గర 2.8 గ్రాములు పట్టుకుంటాయి. వెచ్చటి సోడాలో నాలుగు ఐసుముక్కలు పడేస్తే చాలదా అంటే చాలదు. ఐసు గరుకు అంచుల మీదే బుడగలు పుట్టుకొస్తాయి, సోడా చల్లబడేలోపే చాలా గ్యాసు పోతుంది. సోడా, పానకం, గ్లాసు మూడూ ముందే ఫ్రిజ్‌లో ఉండాలి.

ఉప్పు, మసాలా పొడి పైనుంచి చల్లినా అంతే. బుడగ పుట్టడానికి పట్టు కావాలి, ప్రతి రేణువూ ఆ పట్టు ఇస్తుంది. మసాలా సోడా పొంగి బల్ల తడిసేది అందుకే. కాబట్టి ముందు బెల్లం, దంచిన మిరియాలు, యాలకులు, శొంఠి, చిటికెడు ఉప్పు కొద్ది నీళ్లలో కలిపి, చిక్కటి పానకం చేసుకుని, పలుచని గుడ్డలో వడకట్టాలి. నిమ్మరసం పిండి చల్లబరచాలి. గ్లాసులో ఒక వంతు ఇది పోసి, గ్లాసును కాస్త వంచి, గోడ వెంట మూడు వంతుల సోడా జార్చాలి. చెంచాతో ఒక్కసారి కిందినుంచి పైకి లేపితే చాలు, గిరగిరా తిప్పొద్దు. పానకం పలుచగా ఉంటే ఎక్కువ పోయాల్సి వస్తుంది, ఆ మేరకు ఘాటు తగ్గుతుంది. మారేడు గుజ్జుతోనూ ఇలాగే చేయొచ్చు, కానీ పాలు మానేయండి. పాలలోని ప్రొటీన్లు బుడగల చుట్టూ పొరకట్టి నురగను నిలబెడతాయి, అంతా గ్లాసు దాటి వస్తుంది.

ఆ చుర్రుమనడం బుడగలు నాలుక మీద పగలడం వల్ల వస్తుందనుకుంటాం. కాదు. గ్యాసు నోటి తడిలో కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది, దాన్ని పులుపు కణాలూ, మంటను పసిగట్టే నరాలూ గుర్తిస్తాయి. బుడగలు ఏర్పడనంత ఒత్తిడి ఉన్న గదిలో మనుషులకు సోడా తాగించి చూసినా ఘాటు తగ్గలేదని 2013లో ఒక ప్రయోగంలో తేలింది. మిరియాల ఘాటుతో సోడా అంత బాగా కలిసిపోవడంలో ఆశ్చర్యం లేదు. రెండూ మంట దారినే వెళతాయి.

ఏడాది నిండని పసివాళ్లకు ఇది అసలు వద్దు. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లమూ చక్కెరే. విందుల్లో చూసి పొగల కోసం డ్రై ఐస్ తెచ్చే సరదా మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. అది ఇదే గ్యాసు గడ్డకట్టిన మైనస్ 78 డిగ్రీల ముక్క, పిల్లలు మింగితే లోపల కాలినంత గాయం చేస్తుంది.

సగం సోడా మిగిలితే కొందరు ప్లాస్టిక్ సీసాను నొక్కి గాలి తీసేసి మూత బిగిస్తారు. దానివల్ల నష్టమే. సీసా మళ్లీ ఉబ్బడానికి చోటు దొరికింది కాబట్టి, సోడాలోని గ్యాసే బయటికొచ్చి ఆ చోటు నింపుతుంది. చిన్న సీసాలోకి అంచుదాకా మెల్లగా వంచి, బిగించి, ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి సాయంత్రానికి పనికొస్తుంది.