తలల లెక్క తేలితేనే రోడ్డు

వానాకాలం వచ్చిందంటే అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి ఒకటే వార్త. కొండ శిఖర గ్రామంలో ఒకామెకు పురిటినొప్పులు మొదలవుతాయి. పొడవాటి కర్రకు దుప్పటి రెండు కొసలూ ముడేసి డోలీ కడతారు. ముందొకరు, వెనకొకరు భుజాలు మార్చుకుంటూ, గెడ్డలో (వాగులో) ఏ రాయి కదులుతుందో కాలితో తడిమి చూసుకుంటూ దిగుతారు. 108 అంబులెన్సు రోడ్డు ఆగిపోయిన చోట ఎదురుచూస్తుంటుంది.

ఈ కొండలకు రోడ్డు కొత్తేమీ కాదు. వందేళ్ల కిందట నర్సీపట్నం నుంచి లంబసింగికి ఘాట్ రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకు చాలీచాలని కూలి ఇచ్చి రాళ్లు మోయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీసుస్టేషన్ మీద పడటం వెనక, అడవి మీద ఆంక్షలతో పాటు ఆ రోడ్డు పని కడుపుమంట కూడా ఉంది. 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసిన లైను అది. ఇవన్నీ వచ్చినా, పైన గూడేల్లో ఉండేవాళ్లకు ఇప్పటికీ కాలిబాటే గతి.

ఎందుకిలా అంటే, సగం జవాబు జనాభా లెక్కల్లో దొరుకుతుంది. ఆ లెక్కల్లో ఊరంటే రెవెన్యూ గ్రామం. దాని శివారు గూడేలకు విడిగా పద్దు ఉండదు. 1951 నుంచి వస్తున్న జిల్లా జనగణన పుస్తకాలు ఊరి జనాభాతో పాటు బడి, ఆసుపత్రి, బస్సు ఉన్నాయో లేదో కూడా చెబుతాయి. 2011 పుస్తకాల్లో, ఊళ్లో లేని సౌకర్యం 5 కిలోమీటర్ల లోపుంటే 'ఎ', 10 లోపుంటే 'బి', ఆపైనుంటే 'సి' అని రాశారు. కింద ఊళ్లో బస్సు ఆగితే గ్రామం మొత్తానికి బస్సు ఉన్నట్టే లెక్క. రెండు గెడ్డలు దాటి పైనున్న గూడెం ఆ గడిలో కనిపించదు. పైగా మైదానంలో 5 కిలోమీటర్లంటే సైకిల్ మీద అరగంట. కొండ మీద జ్వరంతో ఉన్న మనిషిని అంతే దూరం దించాలంటే ఒక పూట పోతుంది.

పల్లెలకు రోడ్లు వేయడానికి 2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రెవెన్యూ గ్రామాన్ని వదిలి ఆవాసాన్ని లెక్కలోకి తీసుకుంది. మంచి మార్పే. కానీ మైదానంలో 500, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉండాలని గీత గీసింది. కొండల్లో కిలోమీటరున్నర నడక దూరంలోని ఆవాసాలను కలిపి లెక్కించవచ్చన్నారు. అలా కలిపినా ఇరవై, ముప్పై ఇళ్ల గూడేలు చాలావరకు ఆ గీతను అందుకోలేకపోయాయి. పోడు చేసుకునే చోట, నీళ్లున్న చోట నాలుగేసి ఇళ్లు కట్టుకుంటారు. వాళ్ల బతుకు తీరే వాళ్లకు అడ్డమైంది. నా దృష్టిలో ఇది అన్యాయం.

2023 నవంబరులో వచ్చిన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ ఈ గీతను 100కు దించింది. అయితే అది కొండరెడ్డి, ఖోందు, పోర్జా, గదబ వంటి పీవీటీజీ (మరీ వెనకబడినవిగా గుర్తించిన) తెగల ఆవాసాలకే. పక్క కొండ మీది భగత, కొండదొర గూడేనికి ఆ పథకంలో వెసులుబాటు లేదు, మోసే డోలీ మాత్రం ఒకటే. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మొదలుపెట్టిన 1,005 కోట్ల రూపాయల 'అడవితల్లి బాట' రోడ్ల కార్యక్రమంలో జన్‌మన్‌తో పాటు ఉపాధి హామీ, గిరిజన ఉప ప్రణాళిక నిధులు కూడా కలిపారు. అలా కలపడం సరైన పని.

అడవి అడ్డమనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. అటవీ హక్కుల చట్టం, 2006లోనే దానికి దారి ఉంది. హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75కు మించని చెట్లు అయితే గ్రామసభ సిఫారసుతో రోడ్డుకు అనుమతి ఇవ్వవచ్చు.

2024లో ఆమోదించిన సడక్ యోజన నాలుగో దశ కూడా 2011 లెక్కల మీదే నడుస్తోంది. కొత్తగా తలలు లెక్కపెట్టేది 2027లో. లెక్క రాసేవాళ్లు ఈ గూడేలకు నడిచే వెళ్లాలి. అప్పుడు ప్రతి గూడేన్నీ దాని సొంత పేరుతో రాయాలి. అక్కడికి చేరడానికి ఎన్ని గంటలు నడిచారో కూడా పక్కనే రాయాలి.