వయసు పరిమితి ఎవరి మీద? యువతకు వినియోగదారుల హక్కులు చెప్పేటప్పుడు ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

బెంగళూరులోని మారతహళ్ళి, కె.ఆర్.పురం, బొమ్మనహళ్ళి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు, కడప, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పీయూసీకీ (ఇక్కడి ఇంటర్‌కీ) ఇంజనీరింగుకీ వచ్చి పీజీ హాస్టళ్ళలో ఉంటున్న విద్యార్థులకు వినియోగదారుల హక్కులను బోధించడం నా పని. ఇటువంటి తరగతుల్లో విషయాన్ని రెండుగా చీల్చి చెప్పడం ఆనవాయితీగా వస్తోంది. బిల్లు, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు వంటివన్నీ హక్కుల కింద ఉత్సాహంగా చెబుతారు. సిగరెట్టు, మద్యం వంటి వాటిని మాత్రం నీతి పాఠంగా మార్చి పిల్లలను భయపెట్టి ముగిస్తారు. నేను గమనించినంతలో చాలా అపోహలకు మూలం ఈ చీలికే. వయసు పరిమితి కూడా వినియోగదారునికి చట్టం కల్పించిన రక్షణే కాబట్టి, దానిని పాటించవలసిన బాధ్యత ముందుగా అమ్మేవారి మీద పడుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైన పిల్లలు మిగతావి దాదాపు తామే అల్లుకుపోతారు.

అపోహ: పద్దెనిమిది నిండితే సిగరెట్టు కొనుక్కోవచ్చు.

వాస్తవం: సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తులకు సంబంధించిన 2003 నాటి కేంద్ర చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వారికి వాటిని అమ్మకూడదన్నది నిజమే. అయితే కర్ణాటక ఆ చట్టానికి తెచ్చిన సవరణ రాష్ట్రపతి ఆమోదం పొంది 2025 మే నెలలో నోటిఫై కావడంతో ఈ రాష్ట్రంలో ఆ వయసు 21కి పెరిగింది. విద్యాసంస్థకు వంద మీటర్ల లోపు అమ్మడం, పెట్టె విప్పి విడి సిగరెట్లు అమ్మడం కూడా ఈ సవరణ కింద నిషేధమే. బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే వేసే జరిమానా 200 రూపాయల నుంచి 1000 రూపాయలకు చేరింది. హుక్కా బార్లను పూర్తిగా నిషేధించారు. సొంత ఊరిలో విన్న వయసే ఇక్కడా వర్తిస్తుందని పందొమ్మిదేళ్ళ విద్యార్థి అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా, కాలేజీ గేటు ఎదుట ఉన్న కాండిమెంట్స్ అంగడి యజమానులు చాలామంది కూడా అలాగే అనుకోవడం. మద్యం విషయానికొస్తే, కర్ణాటక అబ్కారీ నియమాల ప్రకారం 21 ఏళ్ళ లోపు వారికి అమ్మకూడదు. దానిని 18కి తగ్గించాలని 2023 జనవరిలో ముసాయిదా వెలువడినప్పటికీ, అభ్యంతరాలు రావడంతో ప్రభుత్వం ఉపసంహరించుకుంది. అప్పటి వార్తలను గుర్తుపెట్టుకొని, తగ్గించారనే నమ్ముతున్న తల్లిదండ్రులు ఇప్పటికీ కనిపిస్తారు.

అపోహ: వయసు చాలని వారు కొంటూ దొరికితే శిక్ష వారికే పడుతుంది.

వాస్తవం: పొగాకు చట్టంలోని ఆరవ సెక్షన్ భాషను పిల్లలతో చదివించినప్పుడు వారికి మొదట కలిగేది అపనమ్మకమే. ఆ సెక్షన్ నిషేధించేది అమ్మకాన్ని. కొన్న పిల్లవాడికి అందులో శిక్ష లేదు. కొనుగోలుదారు మైనరు కాదని రుజువు చేసుకోవలసిన భారం అమ్మేవారిదేనని నియమాలు చెబుతున్నాయి గనుక, అనుమానం వచ్చినప్పుడు వయసు ధ్రువపత్రం అడగడం అంగడివాడు చూపించే దురుసుతనం కాదు, అతడి విధి. పిల్లల చేతికి సులభంగా అందేలా పొగాకు ఉత్పత్తులను ప్రదర్శించకూడదు, యంత్రాల ద్వారా అమ్మకూడదు, అమ్మకానికి పెట్టిన చోట హెచ్చరిక బోర్డు ఉండాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు పొగాకు గాని, మద్యం గాని, మత్తు పదార్థం గాని ఇచ్చినవారికి బాలల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పొగాకు చట్టంలోని చిన్నపాటి జరిమానాను మాత్రమే ఎరిగిన వ్యాపారులు ఈ సెక్షన్ గురించి విన్నాక ముఖం మార్చుకుంటారు.

ఇది చెబితే పిల్లలకు అలుసు ఇచ్చినట్లవుతుందని కొందరు ఉపాధ్యాయులు నాతో వాదిస్తారు. నాకు ఆ వాదన నచ్చదు. శిక్ష తనకే పడుతుందని నమ్మిన పిల్లవాడు, తనకు ఎవరు అమ్మారో, ఎవరు అలవాటు చేశారో ఇంట్లో ఎన్నటికీ చెప్పడు. చట్టం తప్పు పట్టేది అమ్మినవారినే అని తెలిసిన తరువాతే ఆ సంభాషణ మొదలవుతుంది. ఆరోగ్యానికి కలిగే హానిని తగ్గించి చెప్పనవసరం లేదు. దానిని నేరభయంతో కలగాపులగం చేయకుండా ఉంటే చాలు. బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే మాత్రం జరిమానా తాగినవారికే పడుతుందని కూడా స్పష్టంగా చెప్పాలి.

అపోహ: నాన్న పంపిస్తే పిల్లవాడు సిగరెట్టు పెట్టె తీసుకురావచ్చు.

వాస్తవం: "ఇది మా నాన్నకి అంకుల్" అన్న మాటకు చట్టంలో మినహాయింపు లేదు. పెట్టె ఎవరి కోసమైనా, అమ్మకం జరిగింది పిల్లవాడికే. తల్లిదండ్రుల సమావేశాల్లో అన్నిటికంటే ఇబ్బందికరంగా మారేది ఈ అంశమే, ఎందుకంటే ఇక్కడ వేలు అంగడి వైపు కాకుండా ఇంటి వైపు చూపవలసి వస్తుంది. ఇందులో రెండో కోణం కూడా ఉంది. ఈ నగరంలో చిల్లర అంగళ్ళు, టీ కొట్లు నడుపుకొనే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. బడి నుంచి వచ్చిన పిల్లవాడిని కాసేపు గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టడం ఆ ఇళ్ళలో మామూలే. పద్దెనిమిదేళ్ళ లోపు వారి చేత పొగాకు ఉత్పత్తులను అమ్మించడం కూడా నియమాలకు విరుద్ధమని చెబితే, "మా అంగట్లో మా వాడు కూర్చుంటే తప్పేంటి సార్?" అని వారు అడుగుతారు. బిస్కెట్లు అమ్మితే పేచీ లేదని, సిగరెట్లు అడిగిన గిరాకీని పెద్దవాళ్ళు వచ్చేదాకా ఆగమనడం నేర్పాలని నేను సమాధానం చెబుతాను.

అపోహ: వేప్‌లో (ఈ-సిగరెట్టులో) నికోటిన్ లేకపోతే ఇబ్బంది లేదు, పెద్దవాళ్ళయితే అసలు అడ్డే లేదు.

వాస్తవం: ఇక్కడ వయసు ప్రసక్తే రాదు. ఈ-సిగరెట్ల నిషేధ చట్టం, 2019 వాటి తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నిటినీ అందరికీ నిషేధించింది. నికోటిన్ ఉన్నా లేకపోయినా, పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి ఆవిరిని ఇచ్చే పరికరం ఆ చట్టపు నిర్వచనంలోకి వస్తుంది కాబట్టి "పండ్ల వాసన మాత్రమే" అన్న మాట చెల్లదు. మొదటిసారి అమ్మి పట్టుబడితే ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. స్నేహితుల కోసమని నాలుగైదు తెప్పించి, తలా ఒకటి అమ్మే విద్యార్థి తనను వ్యాపారిగా భావించడు. చట్టం దృష్టిలో మాత్రం అతడు అమ్మకందారే, అందువల్ల పైన చెప్పిన బాధ్యత అంతా అతడి నెత్తిన పడుతుంది.

అపోహ: ఎనర్జీ డ్రింకులు పిల్లలకు అమ్మడం నేరం.

వాస్తవం: కాదు. పిల్లలకు సిఫారసు చేయబడదని డబ్బా మీద ముద్రించాలని ఆహార భద్రతా ప్రమాణాలు కోరుతున్నాయి. అది హెచ్చరిక, వయసు నిషేధం కాదు. అయితే కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదుకు మించి ఉన్న ఆహారాన్ని బడి ఆవరణలోను, గేటు నుంచి యాభై మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నాటి నిబంధనలు వేరుగా ఉన్నాయి.

అపోహ: చల్లటి సీసాకు కూలింగ్ చార్జీ ఇవ్వక తప్పదు.

వాస్తవం: ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టామన్న కారణంతో దానిపై అదనంగా వసూలు చేయడం తూనికలు కొలతల నియమాలకు విరుద్ధం. హోటల్లో కూర్చుని తాగే నీళ్ళ సీసా సంగతి మాత్రం వేరు. అక్కడ అమ్ముడయ్యేది కేవలం సరుకు కాదు, దానితోపాటు సేవ కూడా ఉంటుందన్న కారణంతో ముద్రిత ధరకు మించి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ తేడా చెప్పకుండా పంపిస్తే పిల్లలు ఇందిరానగర్ రెస్టారెంట్లో నీళ్ళ సీసా కోసం గొడవపడి, ఓడిపోయి, హక్కులన్నీ ఉత్తవేనన్న నిర్ణయానికి వస్తారు. అదే రెస్టారెంట్ బిల్లులో తమంతట తామే కలిపే సర్వీస్ చార్జీని మాత్రం తప్పనిసరి చేయకూడదన్న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. వాదించదలచుకుంటే ఆ పద్దు మీద వాదించడం మేలు.

అపోహ: కొన్నది నచ్చకపోతే తిరిగి ఇచ్చే హక్కు ఉంది.

వాస్తవం: ఆన్‌లైన్ కొనుగోళ్ళకు అలవాటుపడిన తరం ఈ మాటను గట్టిగా నమ్ముతుంది. కొన్న తరువాత మనసు మారితే వాపసు తీసుకోవాలని చట్టం అమ్మేవారిని నిర్బంధించదు. అది వారు స్వచ్ఛందంగా ఇచ్చే వెసులుబాటు. లోపమున్న వస్తువు విషయంలో లెక్క పూర్తిగా మారిపోతుంది. బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు ఏదీ పేర్కొనకపోతే ముప్పై రోజుల్లోగా అటువంటి వస్తువును వెనక్కి తీసుకొని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కనుక చిక్కపేట బట్టల అంగట్లో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రాసిన బోర్డు, రంగు నచ్చలేదనే కొనుగోలుదారును ఆపగలదేమో గాని, చిరుగుతో ఉన్న చీరను అంటగట్టడానికి పనికిరాదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టం కింద అనుచిత పద్ధతే. బిల్లు లేదు కాబట్టి పని అయిపోయిందని కూర్చోకుండా యూపీఐ చెల్లింపు వివరం, వాట్సాప్ సంభాషణ, వస్తువు వచ్చిన పెట్టె, వీటన్నిటినీ దాచుకోమని చెబుతాను.

అపోహ: మైనరుకు వినియోగదారుని హక్కులు ఉండవు.

వాస్తవం: మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లదన్న సూత్రం బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ 1903లో ఇచ్చిన తీర్పు నుంచి స్థిరపడి ఉంది. దానిని విని, తమకు హక్కులే లేవని పిల్లలు అపార్థం చేసుకుంటారు. 2019 చట్టంలో వినియోగదారుడంటే డబ్బు ఇచ్చినవాడు మాత్రమే కాదు, అతడి అనుమతితో ఆ వస్తువును వాడేవాడు కూడా. తండ్రి కొనిచ్చిన హెడ్‌ఫోన్ పాడైతే వాడుతున్న కూతురు కూడా వినియోగదారే. ఫిర్యాదు మాత్రం ఆమె తరఫున తల్లి గాని, తండ్రి గాని, చట్టబద్ధ సంరక్షకుడు గాని వేస్తారు. ఫోనులో తెలియకుండా మొదలైన చందాలు, బుట్టలో తామంతట తామే చేరిన అదనపు వస్తువులు, "ఇంకా రెండు నిమిషాలే" అనే అబద్ధపు తొందర వంటి పదమూడు మోసపూరిత రూపకల్పనలను 2023 నవంబరు నాటి మార్గదర్శకాలు నిషేధించాయి. తరగతిలో వీటి జాబితా చదవను. ఎవరి ఫోనులో ఎన్ని దొరుకుతాయో వెతకమంటాను, ఆ పనిలో వారు నాకంటే చురుకు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను వయసుతో నిమిత్తం లేకుండా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం ఆమోదించిన సంగతి కూడా ఇక్కడే చెబుతాను.

అపోహ: ఫిర్యాదు చేయాలంటే లాయరు కావాలి, సొంత ఊరికి వెళ్ళాలి.

వాస్తవం: రెండూ అక్కరలేదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు తెలుగులో కూడా మాట్లాడవచ్చు. అది సంస్థకు ఫిర్యాదును చేరవేసి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది, శిక్ష వేయలేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. చెల్లించిన మొత్తం యాభై లక్షల వరకు ఉన్న వివాదాలు జిల్లా స్థాయిలోనే వింటారు. ఐదు లక్షల వరకు రుసుము లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట కూడా దాఖలు చేయవచ్చు గనుక మదనపల్లెలో కొన్న లాప్‌టాప్ మీద బెంగళూరులో నివసిస్తున్న విద్యార్థి ఇక్కడే ఫిర్యాదు వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే పత్రాలు పంపవచ్చు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. సంస్థ "చూస్తున్నాం" అంటూ మెయిళ్ళు పంపుతున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు కాబట్టి, మొదటి మెయిలు తేదీని ఫిర్యాదు పత్రాల పైన రాసి పెట్టుకోమని చెబుతాను.