మాంద్యం వెళ్లిపోయాక అందే డబ్బు

మాంద్యం వచ్చినప్పుడు ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టాలన్న దాని మీద అమెరికాలో తొంభై ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఆ డబ్బు ఎప్పుడు అందుతుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న అని నేననుకుంటాను. ఉద్యోగం పోయినంత మాత్రాన ఇంటి అద్దె ఆగదు కదా.

మహా మాంద్యం నడుస్తున్న 1933 జూన్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 330 కోట్ల డాలర్లతో ప్రజా పనుల సంస్థను పెట్టింది. దాన్ని నడిపిన హెరాల్డ్ ఐక్స్ అవినీతికి తావివ్వకూడదని ప్రతి కాంట్రాక్టునూ తరచి తరచి చూసేవారు. డ్యామ్‌లు, వంతెనలు గట్టిగానే వచ్చాయి. కానీ చలికాలం ముంచుకొచ్చే నాటికి పనులు ఇంకా ఊపందుకోలేదు. ఇక లాభం లేదని నవంబర్‌లో హ్యారీ హాప్కిన్స్‌కు వేరే సంస్థను అప్పగించారు. రోడ్ల మరమ్మతులు, బడులకు రంగులు, మురుగు కాలువలు లాంటి, పెద్ద డిజైన్లు అక్కర్లేని పనులు ఎంచుకున్నారాయన. జనవరికల్లా 40 లక్షల మందికి పని దొరికింది. ఖర్చు ఎక్కువవుతోందని వసంతంలోనే దాన్ని మూసేశారు.

ఆ తర్వాత చాలాసార్లు ఐక్స్ దారే మిగిలింది. 1961 ఫిబ్రవరిలో ముగిసిన మాంద్యానికి ప్రజా పనుల చట్టం 1962 సెప్టెంబర్‌లో వచ్చింది. 1975 మార్చిలో ముగిసినదానికి 1976 జూలైలో వచ్చింది. 1982 నవంబర్‌లో మాంద్యం పోతే, అత్యవసర ఉద్యోగాల చట్టం మీద సంతకం పడింది 1983 మార్చిలో. ఆ డబ్బు కూడా నిదానంగానే ఖర్చయిందని, అవసరమైన వేళకు ఉద్యోగాలు పెద్దగా రాలేదని పార్లమెంటు తరఫు ఆడిట్ సంస్థే తేల్చింది.

ఎందుకిలా? అసలు మాంద్యం మొదలైందని తెలియడానికే సమయం పడుతుంది. 2007 డిసెంబర్‌లో మొదలైనదాన్ని, తేదీలు తేల్చే ఆర్థికవేత్తల కమిటీ 2008 డిసెంబర్ 1న ప్రకటించింది. చట్టం వచ్చాకా నిరీక్షణ తప్పదు. ఒక్క రోడ్డు పనినే చూడండి. సర్వే, అనుమతులు, టెండర్లు, ఆ తర్వాతే యంత్రాలు కదులుతాయి. కాంట్రాక్టర్ పని చేసి బిల్లు పెట్టాకే ఖజానా నుంచి డబ్బు బయటికొస్తుంది. 2009 ఫిబ్రవరిలో 78,700 కోట్ల డాలర్ల ప్యాకేజీ తెచ్చినప్పుడు, పార పట్టడమే తరువాయి అన్నట్టు సిద్ధంగా ఉన్న పనులకే డబ్బిస్తామన్నారు. అవి అనుకున్నంత సిద్ధంగా లేవని 2011లో ఒబామాయే ఒప్పుకున్నారు.

అలాగని ఆలస్యమైన డబ్బంతా వృథా అనే వాళ్లతో నేను ఏకీభవించను. ఆ మాంద్యం 2009 జూన్‌లోనే ముగిసింది. నిరుద్యోగం 10 శాతానికి చేరింది మాత్రం అక్టోబర్‌లో. లెక్కల్లో మాంద్యం పోయినా ఇళ్లలో పోలేదు.

2020లో కోవిడ్ మాంద్యం వచ్చినప్పుడు వేగం కనిపించింది. సాయం ప్యాకేజీ మార్చి 27న చట్టమైతే, ఏప్రిల్ మధ్యకల్లా మనిషికి 1,200 డాలర్ల వరకు బ్యాంకు ఖాతాల్లో పడడం మొదలైంది. నిరుద్యోగ భృతి దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. పలు రాష్ట్రాల కంప్యూటర్లు దశాబ్దాల నాటి కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషతో నడిచేవి. ఆ భాష తెలిసినవాళ్లు ముందుకు రావాలని న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా అడగాల్సి వచ్చింది. దరఖాస్తు పెట్టుకున్న ఎంతోమంది వారాల తరబడి టెన్షన్‌తో ఎదురుచూశారు.

ఆ ముందు ఏడాదే క్లాడియా సామ్ అనే ఆర్థికవేత్త ఒక మార్గం సూచించారు. నిరుద్యోగ రేటు మూడు నెలల సగటు, అంతకుముందు ఏడాదిలోని కనిష్ఠం కంటే అర శాతం పాయింటు పెరిగితే చాలు, కొత్త చట్టం కోసం ఆగకుండా జనానికి డబ్బు వెళ్లిపోవాలని. అది ఇంకా ప్రతిపాదనగానే ఉంది.