ఊపిరితిత్తులు దాచుకునే జ్ఞాపకం

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే మహారాష్ట్రలోని సిరోంచలోను, చుట్టుపక్కల పల్లెల్లోను చాలా ఇళ్లలో మాట్లాడే భాష తెలుగే. బడిలో మరాఠీ పాఠాలు చదివే మా పిల్లలకు జలుబు చేస్తే, అక్కడ చెప్పినా ఇక్కడ చెప్పినా ‘సర్ది’ అంటే సరిపోతుంది. చలికాలంలో దగ్గుతున్న పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని తల్లులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "పోయినేడు గూడ ఇదే దగ్గు, ఇదే జరం వచ్చిపోయినయి గదా, ఒంటికి అలవాటు కావాలె గదా, మళ్ల ఎందుకొచ్చింది?" ఈ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. తట్టు (మీజిల్స్) ఒకసారి పోసినవారికి మళ్లీ పోయదని మన పెద్దలకు తెలుసు. 1846లో ఫారో దీవుల్లో తట్టు చెలరేగినప్పుడు పీటర్ పానుమ్ అనే యువ డేనిష్ వైద్యుడు అక్కడికి వెళ్లి పరిశీలించగా, 1781లో వచ్చిన తట్టును తట్టుకుని బతికిన వృద్ధులలో ఒక్కరికీ అది తిరిగి రాలేదని తేలింది. అరవై అయిదేళ్లు నిలిచిన రోగనిరోధక జ్ఞాపకం అది. మరి ఇలాంటి దగ్గు, జ్వరాలు తెచ్చే ఫ్లూ విషయంలో అదే శరీరం ఏడాదికే ఎందుకు తడబడుతుంది?

వైరస్ తన పైతొడుగును మార్చుకుంటుందన్నది సాధారణంగా వినిపించే జవాబు. అది నిజమే గాని, పూర్తి జవాబు కాదు. పసిపిల్లల ఊపిరితిత్తులను ఎక్కువగా పీడించే ఆర్ఎస్‌వీ అనే వైరస్ ఫ్లూ అంతగా రూపు మార్చుకోకపోయినా ఒకే మనిషికి జీవితంలో పదేపదే సోకుతుంది. రక్తంలో జ్ఞాపకం చెరిగిపోతుందనడానికి కూడా వీలు లేదు. 1918 నాటి ఫ్లూ మహమ్మారి నుంచి పసితనంలో బయటపడి తొంభై ఏళ్లు దాటిన వృద్ధుల రక్తంలో ఆ వైరస్‌ను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు ఇంకా ఉన్నాయని 2008లో పరిశోధకులు చూపించారు. కాబట్టి జ్ఞాపకం ఉందా లేదా అని మాత్రమే కాక, అది శరీరంలో ఏ చోట ఉందని కూడా అడగాలి.

దూరం ఎంత పని చేస్తుందో మా వైపు వారికి ఎవరూ వివరించనక్కరలేదు. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న సిరోంచ నుంచి జిల్లా కేంద్రానికి అడవి దారిన సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఇదే జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ వైద్య దంపతుల బృందం ఊళ్లలో ఉండే ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు పిల్లల న్యుమోనియాను గుర్తించి అక్కడికక్కడే మందు ఇవ్వడం నేర్పింది. 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన వారి అధ్యయనం ప్రకారం ఆ కార్యకర్తల చేతి మీదుగా చికిత్స పొందిన న్యుమోనియా పిల్లలలో మరణించినవారు నూటికి 0.8 మంది కాగా, ఆ ఏర్పాటు లేని గ్రామాలలో 13.5 మంది. పెద్ద ఆసుపత్రి ఎంత గొప్పదైనా, ఊళ్లో ఉన్న మనిషి ముందుగా అందుతాడు.

శరీరంలోనూ అంతే. తట్టుకు, ఫ్లూకు తేడా ఈ దూరం దగ్గరే ఉంది. తట్టు వైరస్ శరీరంలో ప్రవేశించాక శోషరస గ్రంథుల గుండా రక్తంలోకి వెళ్లి ఒళ్లంతా వ్యాపిస్తుంది. జ్వరం కనిపించడానికే దాదాపు పది రోజులు పడుతుంది. రక్తంలోని యాంటీబాడీలకు, జ్ఞాపక కణాలకు అంత వ్యవధి చాలు. ఫ్లూ వైరస్ అలా కాక ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉన్న లోపొర మీదే దిగి, అక్కడే పెరిగి, సాధారణంగా రెండు రోజుల్లో మనిషిని మంచాన పడేస్తుంది. శోషరస గ్రంథుల్లోని జ్ఞాపక టీ కణాలు (వైరస్ సోకిన కణాలను వెతికి చంపే రక్షక కణాలు) కబురు అందుకుని, విభజన చెంది, రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరే సరికి అంతకంటే ఎక్కువ రోజులే గడుస్తాయి.

అందుకే శరీరం కొన్ని టీ కణాలను ఊపిరితిత్తులలోనే ఉంచేస్తుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గాక పోరాడిన కణాలలో అధికభాగం చనిపోగా, మిగిలినవాటిలో కొన్ని రక్తంలోకి తిరిగి వెళ్లకుండా అక్కడే స్థిరపడతాయి. ఇవి నిజంగా కదలవని నిరూపించడానికి శాస్త్రవేత్తలు రెండు ఎలుకల శరీరాలను పక్కపక్కనే కుట్టి, ఒకదాని రక్తం మరొకదానిలో పారేలా చేశారు. కొన్ని వారాల్లో రక్తంలోని కణాలు రెండింటిలోనూ కలిసిపోయాయి. ఊపిరితిత్తుల్లో స్థిరపడిన కణాలు మాత్రం చాలావరకు తమ ఎలుకలోనే ఉండిపోయాయి. వాటిని పట్టి ఉంచే ఏర్పాటు ఇంకా ఆసక్తికరం. సీడీ69 అనే ప్రొటీన్, కణజాలం విడిచి వెళ్లే దారిని చూపే గ్రాహకాన్ని (సంకేతాలు అందుకునే ప్రొటీన్‌ను) కణం ఉపరితలం నుంచి లోపలికి లాగేస్తుంది. సీడీ103 అనే మరొకటి శ్వాసనాళాల లోపొర కణాల మీది ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుంటుంది. ఒకటి బయటికి దారి మూస్తే, రెండోది ఉన్న చోట కట్టిపడేస్తుంది. వైరస్ తిరిగి వచ్చినప్పుడు ఈ కణాలు గంటల్లోనే ఇంటర్‌ఫెరాన్ గామా అనే హెచ్చరిక ప్రొటీన్‌ను విడుదల చేసి చుట్టుపక్కల కణాలను మేల్కొలుపుతాయి. అవి గుర్తుపట్టేది చాలావరకు వైరస్ లోపలి ప్రొటీన్ల ముక్కలను. ఆ ప్రొటీన్లు పైతొడుగులా తరచుగా మారవు కనుక కొత్త రకం ఫ్లూ వచ్చినా కొంత రక్షణ దొరుకుతుంది.

మనుషులలో దీనికి సాక్ష్యం ఊపిరితిత్తుల మార్పిడి నుంచి వచ్చింది. దాత కణాలకు, గ్రహీత కణాలకు ఉపరితల గుర్తులు వేరువేరుగా ఉంటాయి కనుక ఏ కణం ఎవరిదో చెప్పవచ్చు. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మార్పిడి జరిగి ఏడాది దాటాక కూడా దాత టీ కణాలు ఆ ఊపిరితిత్తుల్లో బతికే ఉన్నాయి. మరణించిన మనిషి ఎదుర్కొన్న రోగాలను గుర్తుపెట్టుకున్న కణాలు మరొకరి ఛాతీలో కావలి కాస్తూ ఉండటం, నేను చదివిన జీవశాస్త్ర విషయాలన్నిటిలోనూ నన్ను ఎక్కువగా కదిలించినది.

అయితే ఈ కావలి అన్నిసార్లూ అంత కాలం నిలవదు. చర్మంలో ఇలాంటి కణాలు ఏళ్ల తరబడి ఉంటే, ఎలుకల ఊపిరితిత్తులలో ఫ్లూ తరువాత కొన్ని నెలల్లోనే బాగా తగ్గిపోతాయి. వాటితోపాటే కొత్త రకం ఫ్లూ నుంచి రక్షణ కూడా సన్నగిల్లుతుంది. శ్వాసనాళాల లోపలి భాగంలో టీ కణాలకు పోషకాలు కరువు. వైరస్ దెబ్బతీసి మాన్పు జరుగుతున్న చిన్న చిన్న తావులలో మాత్రమే అవి కాస్త ఎక్కువ కాలం నిలుస్తున్నాయని జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. గాయం పూర్తిగా మానితే ఆ తావు కూడా పోతుంది. పిల్లవాడికి మళ్లీ సర్ది ఎందుకైందని అడిగిన తల్లికి ఇవ్వవలసిన జవాబులో ఒక భాగం ఇదే. ఈ తరుగుదలను లోపమని అనడానికి నాకు మనసొప్పదు. ఊపిరితిత్తుల వాయుకోశంలో గాలికి, రక్తానికి మధ్య ఉన్న గోడ చాలాచోట్ల మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలుచన. ఆ గోడ పక్కన ఆయుధం పట్టిన కణాలు అవసరానికి మించి ఉంటే శ్వాసకే ముప్పు. ఫ్లూ సోకిన ముసలి ఎలుకలలో ఈ కణాలు మితిమీరి పేరుకుని, వైరస్ పోయాక కూడా ఊపిరితిత్తులను మచ్చలు కట్టించిన సంగతి 2020లో వెల్లడైంది. బీ కణాలు కూడా కొన్ని ఇలాగే ఊపిరితిత్తుల్లో స్థిరపడి, అవసరమైనప్పుడు అక్కడికక్కడే యాంటీబాడీలు తయారు చేస్తాయి.

టీకా విషయంలో కూడా చోటు ముఖ్యం. కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాను చేతికి వేయించుకున్నవారి ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవంలో, రక్తంతో పోలిస్తే వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు చాలా తక్కువగా ఉన్నాయని 2022లో ఒక అమెరికన్ బృందం గమనించింది. చేతి టీకా ప్రాణాపాయాన్ని తప్పించడంలో గొప్ప మేలు చేసింది, అది వేయించుకోవడం మానకూడదు. సోకడాన్నే ఆపడంలో మాత్రం అది బలహీనం. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసిన ముక్కు చుక్కల కోవిడ్ టీకా ఇన్‌కోవాక్‌కు మన దేశంలో 2022 సెప్టెంబరులో అనుమతి రావడం వెనుక ఉన్న ఆశ, శ్వాసమార్గంలోనే జ్ఞాపకాన్ని నాటాలన్నది.

మా ఇళ్లకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. వాయుకోశాలను శుభ్రపరిచే మాక్రోఫేజ్ కణాలు ఫ్లూ తరువాత కొంతకాలం బ్యాక్టీరియాకు మందకొడిగా స్పందిస్తాయి. ఎలుకలలో ఈ మందకొడితనం నెలలపాటు కనిపించింది. టీ కణాలు వైరస్ కోసం కాచుకుని ఉన్న సమయంలోనే బ్యాక్టీరియాకు వాకిలి తెరుచుకుని ఉంటుందన్నమాట. జ్వరం తగ్గి ఆడుకుంటున్న పిల్లవాడికి వారం తిరగకుండా మళ్లీ జ్వరం, ఆయాసం వస్తే, ‘పోయిన సర్దే తిరగబెట్టింది’ అనుకుని కషాయంతో సరిపెట్టకూడదు. పిల్లవాడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ ఒక పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు వారికి 40, లేదా అంతకు మించి ఉంటే న్యుమోనియా అయి ఉండవచ్చు. ఆ రాత్రే ఆశా కార్యకర్తకు కబురు పెట్టాలి. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్క లోపలికి పోతున్నా, పిల్లవాడు పాలు తాగలేకపోతున్నా, ఎవరి కోసమూ ఆగకుండా దగ్గరున్న ఆసుపత్రికి బయలుదేరాలి.