ఫాస్ట్ అంటే స్పీడు ఒక్కటే కాదర్రా

పిల్లలూ,

మొన్న చిన్నోడు ఫోన్లో అడిగాడు, "తాతయ్యా, స్టెడ్‌ఫాస్ట్ అంటే స్థిరంగా ఉండటం అన్నారు టీచరుగారు, మరి ఫాస్ట్ అంటే స్పీడు కదా?" అని. ఎంత మంచి ప్రశ్నో! ఫోన్లో తేలేది కాదని రాస్తున్నాను.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఫాస్ట్ అంటే గట్టిగా, కదలకుండా అని అర్థం. స్టెడ్ అంటే చోటు. రెండూ కలిపితే, నిలబడ్డ చోటు వదలనిది. 991లో ఇంగ్లండులోని మాల్డన్ దగ్గర వైకింగులతో జరిగిన యుద్ధం మీద ఒక పాత కావ్యం ఉంది, వెనక్కి తగ్గకుండా నిలబడ్డ సైనికుల్ని అందులో ఈ మాటతోనే చెప్పారు.

కోటిపల్లి రేవులో పంటు ఒడ్డుకి రాగానే మోకు విసురుతారు, ఒడ్డు మీద కుర్రాడు అందుకుని రాటకి చుట్లు తిప్పి బిగిస్తాడు, ఇక గౌతమి ఎంత లాగినా పంటు కదలదు. ఇంగ్లీషు నావికులు అలా కట్టడాన్ని ఇప్పటికీ మేక్ ఫాస్ట్ అనే అంటారు. బండార్లంక చీర కొనేటప్పుడు నాయనమ్మ "రంగు ఫాస్టేనా?" అని అడిగేదీ అందుకే, ఉతికితే దిగకూడదని. ఉపవాసాన్ని ఫాస్టింగ్ అనడం కూడా నియమాన్ని గట్టిగా పట్టుకోవడం నుంచే వచ్చింది, దాన్ని విడిచి తినేది బ్రేక్‌ఫాస్ట్. మరి స్పీడు? గట్టిగా పట్టుకో అన్నట్టే గట్టిగా పరిగెత్తు అన్నారు, అలా అలా వేగం అయిపోయింది.

ఇక స్టెడ్ సంగతి. మన స్థితి, స్థానం, స్థిరం ఉన్నాయే, వాటికి అది దూరపు చుట్టం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి 1786లో కలకత్తాలో చెప్పాడు, ఇంగ్లీషుదీ ఆ కుటుంబమే.

కానీ నిలకడ అన్న మాట ఆ ఇంటిది కాదు. మన నిలు, తమిళుల నిల్, కన్నడిగుల నిల్లు ఒక తల్లి పిల్లలు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వేరే కుటుంబమని 1816లో మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ దొర చూపించాడు. నాకైతే నిలకడ అన్న మాటే ఎక్కువ ఇష్టం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లో ఎవరికీ నిద్ర ఉండదు, అంతా టెన్షనే, "వరద నిలకడగా ఉంది" అని వార్తల్లో చెబితే గానీ పొయ్యి వెలిగించబుద్ధి కాదు. నీరు తగ్గడం తర్వాతి సంగతి, ముందు పెరగడం ఆగాలి.

షేమ్‌ఫేస్డ్, అంటే సిగ్గుపడ్డ, అనే మాటలోనూ ఒకప్పుడు ఫాస్టే ఉండేది, ఫేస్ తర్వాత దూరింది. అదెలాగో అక్కా నువ్వూ డిక్షనరీలో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య