పెళ్ళి డీవీడీకి ఇంతసేపు ఎందుకు?

చిట్టీ, నానీ,

అమ్మానాన్నల పెళ్ళి డీవీడీని చిన్న ఫైలుగా మార్చడానికి నాన్న పొద్దున కంప్యూటర్‌లో పెడితే మధ్యాహ్నానికి కూడా సగమే అయిందట. యూట్యూబ్‌లో సినిమా నొక్కగానే వస్తుంటే దీనికెందుకింత ఆలస్యం అని చిట్టి అడిగింది. ఫోన్‌లో చెబితే నానిగాడు మధ్యలో పారిపోతాడు, అందుకే రాస్తున్నాను.

యూట్యూబ్‌లోని సినిమాను ముందే మడతపెట్టి, అంటే కుదించి, ఉంచారు. మీ అమ్మానాన్నల పెళ్ళి వీడియో ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉంది. అవును, డీవీడీ అంటే నాయనమ్మ ట్రంకు పెట్టే అనుకోండి. అందులో పట్టుచీరలు పాతకాలపు లావు మడతల్లో ఉన్నాయి. ఆ మడత పేరు ఎంపెగ్-2, 1990ల నాటిది. వాటిని ఇప్పుడు చిన్న సూట్‌కేసులో సర్దాలి.

ముందు చీరలు బయటికి తీయాలి. నిండా ఉన్న 4.7 జీబీ డిస్కును మామూలు వేగంతో చదివితే దాదాపు గంట. దానికి ఎనిమిది రెట్ల వేగంతో చదివే 8ఎక్స్ డ్రైవయితే లెక్క ప్రకారం ఏడు నిమిషాలు రావాలి కానీ, లోపలి చుట్ల దగ్గర అంత వేగం ఉండదు కాబట్టి పది, పదిహేను పట్టవచ్చు. గీతలు పడ్డ డిస్కంటే గడియ తుప్పు పట్టిన పెట్టే. డ్రైవు ఒకే చోట మళ్ళీ మళ్ళీ చదువుతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదేనని నా అనుమానం.

అసలు పని తరువాత ఉంది. ప్రతి చీరా విప్పాలి, దులపాలి, సన్నగా మళ్ళీ మడవాలి. మన వైపు డీవీడీలో సెకనుకు 25 బొమ్మలు, అంటే గంటకు 90 వేలు. ఒక్కో బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. లాప్‌టాప్ సెకనుకు 150 బొమ్మలు మడవగలిగితే రెండు గంటల వీడియో 20 నిమిషాల్లో అయిపోతుంది. పాత కంప్యూటర్ 25 మాత్రమే మడిస్తే రెండు గంటలూ పడుతుంది. హెచ్.265 అనే కొత్త మడత ఇంకా సన్నం, కానీ మడవడానికి ఇంకా ఆలస్యం.

మడవకుండా చీరలన్నీ అలాగే సంచిలో వేసుకోవచ్చు కూడా. మేక్‌ఎంకేవీ లాంటి ప్రోగ్రాములు చేసేది అదే. చదివే సమయం తప్ప ఇంకేమీ పట్టదు, సైజు మాత్రం తగ్గదు. పెళ్ళి వీడియోకి ముందు ఇదే చేయమని నాన్నకు చెప్పండి. మళ్ళీ మడిచినప్పుడల్లా కాస్త జరీ, అంటే బొమ్మలోని స్పష్టత, రాలుతుంది, రాలింది తిరిగి రాదు. ఇక ఆపుతాను, చీరల జోలికెళ్ళానని తెలిస్తే నాయనమ్మ ఊరుకోదు.

మా చిన్నప్పుడు పాటల క్యాసెట్ కాపీ చేయాలంటే రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టేవాళ్ళం. గంట క్యాసెట్‌కి గంట పట్టేది. అంతసేపూ ఎవరూ దగ్గకూడదు, తలుపు కిర్రుమనకూడదు. మా పెదనాన్న గుమ్మంలో కాపలా కూర్చునేవారు. అయినా ఒక మంచి చరణం మధ్యలో కాకి అరిచింది. ఆ పాట ఇప్పుడు ఎక్కడ విన్నా ఆ చోట కాకి కోసం నా చెవి ఎదురుచూస్తుంది. ఆ టేపు పాడుతుంటేనే కాపీ అయ్యేది. డిస్కులో ఉన్నవి అంకెలు కాబట్టి పాట కంటే వేగంగా పరుగెత్తి తెచ్చుకోవచ్చు. కాబట్టి పని ఎంతయిందో తెరమీద చూపే బార్ వైపు చూస్తూ విసుక్కోకండి, ఈలోగా హోంవర్క్ చేసుకోండి. మిగతా డిస్కులు కూడా ఈ సెలవుల్లోనే కానివ్వండి. స్టూడియోలో రాసిన డీవీడీల్లో ఉండేది ఒక రంగు పొర, ఎండకీ వేడికీ అది చెడుతుంది.

తరువాతి డిస్కును అంచులతో పట్టుకుని, అడుగు వైపు కిటికీ వెలుతురులో వంచి చూడండి. రాసినంత మేర ఒక ఛాయ, ఖాళీ భాగం మరో ఛాయ. రాత మధ్య నుంచి మొదలై ఒకే చుట్టగా బయటికి వస్తుంది. నిండిన డిస్కులో ఆ చుట్టను సాగదీస్తే దాదాపు 12 కిలోమీటర్లు! డిస్కు అంత జోరుగా తిరుగుతుంటే లేజర్ ఆ సన్నని దారి తప్పకుండా ఎలా పోతుందో, ఎంత చదివినా నాకు ఆశ్చర్యం తీరలేదు.

రెండు ఛాయలు కలిసే చోటు చూసి, చదవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చెరొక కాగితం మీద రాయండి. గడియారం నాని చేతికివ్వండి. ఒక్క మాట, సగం వెడల్పు నిండితే సగం వీడియో ఉన్నట్టు కాదు. ఎందుకో కనిపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య